ముందు బ్రేకు

పోయిన వారం మనం నూర్ అహమ్మద్‌ను అతని షెడ్డులో, పీట మీద, చేతిలో ఒక పాత బ్రేకు వైరుతో కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం జరిగింది ఒకసారి చెప్పుకుందాం. నల్లమాడలో కదిరి రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు నూర్ అహమ్మద్‌ది. ముప్పై ఏళ్లుగా అతను చిన్న బండ్ల మెకానిక్కు. ఇప్పుడు ఆ షెడ్డులో స్టాండు వేసి ఉన్న బండి గోవిందప్ప కొడుకు జయచంద్రది. మొన్న ఎండాకాలంలో జయచంద్ర, అతని భార్య అంజలి రెండు చింతపండు మూటలు వేసుకుని కదిరికి బయలుదేరారు. నడిపింది అంజలి. బూడిదమిట్ట దిగువలో బండి అదుపు తప్పి వంక మీద కట్టిన మోరీ గోడకు గుద్దుకుంది. అంజలికి మణికట్టు విరిగి అతుక్కుంది. జయచంద్ర మరునాటికి లేడు.

ఆ తర్వాత ఏడు నెలలు గడిచాయి. ఊరు తన తీర్పు తాను ఎప్పుడో ఇచ్చేసింది. ఆడమనిషి చేతికి బండి ఇస్తే ఇంతే అంది. అత్త అక్కమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది. పోలీసు స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండిన బండిని గోవిందప్ప విడిపించుకుని, ఆటోలో వేసుకొచ్చి, "నడిచేట్టు చెయ్యప్పా నూరూ" అని షెడ్డులో దించిపోయాడు. నూర్ అహమ్మద్ ముందు చక్రం విప్పాడు. బ్రేకు వైరు కొసన, బిగింపు నట్టు దగ్గర, నాలుగు చుట్లు చుట్టిన రాగి తీగ కనిపించింది. దాన్ని చుట్టింది తనే.

ఆ తీగ సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నూర్ అహమ్మద్ పందొమ్మిదేళ్ల వయసులో తనకల్లు దారిలో, గులకరాళ్ల రోడ్డు మీద, కుక్క అడ్డం వస్తే ముందు బ్రేకు గట్టిగా పట్టాడు. ముందు చక్రం రాళ్ల మీద జారింది, మనిషి హ్యాండిలు మీదుగా పోయి బోర్లా పడ్డాడు. రెండు పళ్లు అక్కడే రాలిపోయాయి. మిగిలిన దెబ్బలు నయమయ్యాయి గానీ ఆ భయం నయం కాలేదు. సొంత షెడ్డు పెట్టిన రోజు నుంచి తన దగ్గరికి వచ్చిన ప్రతి బండికీ అడిగినా అడగకపోయినా ఒక పని చేసేవాడు. ముందు బ్రేకు నట్టును వెనక్కి తిప్పి వైరును వదులు చేసేవాడు. ఎవరూ మళ్లీ బిగించకుండా రాగి తీగ చుట్టేవాడు. ఇక ఆ లివరును ఎంత పిసికినా చక్రానికి ఏమీ కాదు.

జనం కూడా అదే కోరుకున్నారు. కొత్త బండి కొనుక్కొచ్చినవాడు పూజ అయిన మరునాడే షెడ్డు ముందు నిలబడి, "నూరన్నా, ముందుది చంపెయ్" అనేవాడు. ఆ మాట ఆ చుట్టుపక్కల ఎవరికి చెప్పినా అర్థమవుతుంది. ఆ రోజుల్లో అది పూర్తిగా పిచ్చి పని కూడా కాదు, రోడ్లు అలాంటివి. తర్వాత తారు పడింది. బండ్ల వేగం పెరిగింది. ఒక్క మనిషి కూర్చునే చోట ముగ్గురు మనుషులు, నాలుగు మూటలు ఎక్కాయి. అన్నీ మారాయి, నూర్ అహమ్మద్ రాగి తీగ మాత్రం మారలేదు.

అది కనబడి ఈ రోజుకు ఎనిమిది రోజులు. ఈ ఎనిమిది రోజుల్లో అతను చెయ్యని పని లేదు, చెప్పవలసిన మాట ఒక్కటి చెప్పడం తప్ప. వంగిన ఫోర్కును కదిరి లేత్ షాపుకు తీసుకుపోయి సరి చేయించాడు. కొత్త రిమ్ము వేశాడు. పెట్రోలు టాంకులో గుప్పెడు గులకరాళ్లు, కాస్త కిరసనాయిలు పోసి, చేతులు పీకేదాకా ఊపి తుప్పంతా వదిలించాడు. కార్బురేటరులో జిగురుకట్టిన పెట్రోలు కడిగాడు. నల్లగా మారిన ఇంజనాయిలు దించి కొత్తది పోశాడు. చైను విప్పి నానబెట్టి, తోమి, పట్టు చూసి బిగించాడు. రెండు రోజుల పనిని ఎనిమిది రోజులు సాగదీసే మెకానిక్కులు లోకంలో చాలామందే ఉన్నారు గానీ నూర్ అహమ్మద్ ఎన్నడూ ఆ జాతి కాదు. ఈసారి మాత్రం బండి పూర్తికాకూడదని కోరుకున్నాడు. పూర్తయితే తీసుకుపోవడానికి వాళ్లు వస్తారు. వస్తే వాళ్ల మొహం చూడాలి.

భార్య మహబూబున్నీసా మూడో రోజే పసిగట్టింది. "అన్నం ముందర కూచోని చెయ్యి కడుక్కుంటాండావు. ఏమైంది నీకు?" అని అడిగింది. కడుపు బాగలేదన్నాడు. నిజానికి బాగలేనిది కడుపు కాదు.

ఈ పొద్దున ఎనిమిది గంటలకు గోవిందప్ప, అక్కమ్మ ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. అక్కమ్మ కంటికి పొర కమ్మిందట, కదిరిలో డాక్టరుకు చూపించాలట. గోవిందప్ప భుజం మీద పచ్చి శనక్కాయల మూట ఉంది. దారిలో బూడిదమిట్టకు ఇవతల అక్కమ్మ చెల్లెలు బయమ్మ ఉంటుంది, ఆమెకు కొన్ని, కదిరిలో చుట్టాలకు కొన్ని.

"బండి అయిందా నూరూ?"

అప్పటికి బండికి ఒక్క పనే మిగిలి ఉంది, కొత్త ముందు బ్రేకు వైరు వెయ్యడం. పది నిమిషాల పని. నూర్ అహమ్మద్ ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అక్కమ్మ ఆ బండి వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ముందు ఆ చక్రం దగ్గర కూర్చుని ఆ వైరు బిగించడం తన వల్ల కాదనిపించింది.

"ఇంకా ఒక పూట పని ఉండాదన్నా," అన్నాడు. "నా బండి తీసుకోనిపో. వెనక బ్రేకు కొంచిం లోతుగా తొక్కాల, అంతే."

పోతూ పోతూ అక్కమ్మ, ఎవరితోనో అన్నట్టుగా, "రేపు బెళుగుప్ప నుంచి దాని అన్న వస్తాడు. తోలుకోని పోతాడు. నాకైతే దాని మొగం చూసేదానికి శాత కావడంల్యా" అంది. అలా నూర్ అహమ్మద్‌కు తన గడువు తెలిసింది. రేపు అంజలి ఈ ఊరు వదిలిపోతుంది. ఊరంతా కలిసి నెత్తిన పెట్టిన బరువు దించుకోకుండానే పోతుంది. దాన్ని దించగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడు రేకుల కింద పీట మీద కూర్చుని గోళ్లలో మసి తీసుకుంటున్నాడు.

వాళ్లు కనుమరుగయ్యాక లేచి వైరు వేశాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ముందు బ్రేకు నట్టును ముందుకు తిప్పి బిగించాడు. చక్రం చేత్తో తిప్పి, లివరు పట్టి, తిప్పి, మళ్లీ పట్టి చూశాడు. పాత వైరును రాగి తీగతో సహా ప్లగ్గుల డబ్బాలో, అన్నిటికంటే అడుగున పెట్టి మూత వేశాడు.

అప్పుడే అంజలి వచ్చింది.

అంజలి ఊళ్లో పశుసఖి. గొర్రెల మందలకు నట్టల మందు తాగించడం, టీకాలు వెయ్యడం ఆమె పని. పదిహేను ఊళ్లు తిరగాలి కాబట్టే బండి నేర్చుకుంది. నేర్పింది నూర్ అహమ్మదే, హైస్కూలు మైదానంలో, మూడు వారాలపాటు. ఏడు నెలలుగా ఆమె బండి ముట్టలేదు. ఇప్పుడు కూడా షెడ్డు గడప దగ్గరే ఆగిపోయింది, బండి వైపు చూడకుండా.

"మామా, సైడు డబ్బాలో నా మందుల సంచి ఉండాదా?"

"ఉండాదమ్మా. నేను ముట్టలేదు."

సంచి తీసి ఇచ్చాడు. ఆమె అందుకుంది గానీ కదల్లేదు. ఆ సంచి తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"రేపు పోతాండా. అత్త చెప్పింటాదిలే."

"చెప్పింది."

"పోయేముందర నీకొక మాట చెప్పాల మామా. నీకే చెప్పాల. ఇంకెవురికీ చెప్పలే."

చెప్పవలసినవాడు తను, చెప్తానంటున్నది ఆమె. పీట జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు, చివరికి అతనే కూర్చున్నాడు.

"నేర్పేటప్పుడు నువ్వేం చెప్పినావు నాకు?"

"చానా చెప్పినా."

"ముందుది ముట్టుకోవద్దన్నావు. హ్యాండిలు మీద అదొకటి ఉండాదనే మర్చిపో అన్నావు. ముట్టుకుంటే మనిషిని బోర్లా ఏస్తాదన్నావు. నీ పండ్లు చూపించినావు."

"చూపించినా."

"ఆ పొద్దు ముట్టుకున్నా మామా."

షెడ్డు ముందు నుంచి వేరుశనగ కట్టె వేసుకున్న ట్రాక్టరు ఒకటి చప్పుడు చేసుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆమె ఆగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది, నేల మీద పడి ఉన్న ఆయిలు మరక వైపు చూస్తూ.

"దిగువలో గొర్రెలు అడ్డం వచ్చినాయి. నువ్వు చెప్పినట్టే గేరు తగ్గించినా. వెనకది తొక్కినా. మూటల బరువుకు నిలబడలే. తొక్కే కొద్దీ పెడలు కిందికి పోతాండాది గానీ బండి నిలబడలే. మా ఆయన వెనకనుంచి 'ముందుది పట్టు అంజీ, పట్టు' అని అరిచినాడు. ఆయప్పకు ఏం తెలుసు? నువ్వు చెప్పింది నాకు తెలుసు గదా. తెలిసి గూడా పట్టినా. నాలుగు వేళ్లూ పెట్టి పట్టినా. అంతే, ఆకాశం కిందికి వచ్చింది."

ఎన్నోసార్లు లోపల చెప్పుకుని అరగదీసిన మాటలవి.

"పోలీసోళ్లకు చెప్పలే. మా నాయనకు చెప్పలే. అత్త 'నా కొడుకును మింగినావు' అన్న పొద్దు నాకు కోపం గూడా రాలే మామా. నిజమే గదా అనుకున్నా. నువ్వొక్కడివే ఆ పొద్దు శవం కాడ నా తలమీద చెయ్యి పెట్టి, నీ తప్పు ల్యాదులేమ్మా అన్నావు. నీ మాట తప్పినదాన్ని, నీతో అట్లా అనిపించుకున్నానే అని నాకు అదే పెద్ద బాధ. అందుకే చెప్పి పోదామని వచ్చినా."

చూశారా, ఎంత సులువైన దారి తెరుచుకుందో! నూర్ అహమ్మద్ "సరేలేమ్మా, అయిపోయిందేదో అయిపోయింది" అని ఒక్క మాట అంటే చాలు. ఆమె కళ్లు తుడుచుకుని బెళుగుప్ప వెళ్లిపోతుంది. పాత వైరు ప్లగ్గుల డబ్బాలోంచి పాత ఇనుము వాడి బండిలోకి పోతుంది. ముప్పై ఏళ్ల మంచి పేరు మచ్చ పడకుండా అలాగే ఉంటుంది. అతనికి ఆ దారి కనబడలేదని నేను చెప్పను, కనబడింది. ఒక నిట్టూర్పు కాలంపాటు దాని వైపు చూశాడు కూడా. ఆ తర్వాత, ఆ అమ్మాయి ఏడు నెలలుగా తన అబద్ధపు పాఠాన్ని నమ్మి తనను తాను ఎలా తినేసిందో తలచుకుంటే, కూర్చున్న పీట ముళ్లలా అయింది. లేచాడు.

"ఇట్లా రామ్మా. ఇది పట్టుకో."

"నేను ముట్టను."

"నా కోసరం ఒక్కసారి. బండి స్టాండు తీస్తా, నేను వెనకనుంచి తోస్తా. నువ్వు పక్కన నడిచి, నేను చెప్పినప్పుడు ముందుది పట్టు."

చాలాసేపు బతిమాలాక అంజలి సంచి గడప మీద పెట్టి వచ్చి, నిప్పును ముట్టుకున్నట్టు లివరు మీద వేళ్లు పెట్టింది. నూర్ అహమ్మద్ తోశాడు. పట్టమన్నాడు. పట్టింది. బండి ముక్కు కొంచెం కిందికి వంగి, ఉన్నచోట ఆగిపోయింది. అతను వెనకనుంచి ఎంత తోసినా చక్రం కదల్లేదు.

"గట్టిగా ఉండాది," అంది ఆమె, ఆశ్చర్యంగా.

"ఇప్పుడు ఆగు."

అతను వంగి, ముందు చక్రం దగ్గర నట్టును వేళ్లతో వెనక్కి తిప్పాడు. పది చుట్లు, పన్నెండు చుట్లు తిప్పి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు పట్టు."

అంజలి పట్టింది. లివరు మెత్తగా వచ్చి హ్యాండిలుకు ఆనుకుంది. అతను తోశాడు. బండి ఏమీ పట్టనట్టుగా ముందుకు దొర్లింది. ఆమె మళ్లీ పిసికింది, మళ్లీ పిసికింది, ఆమె ముఖం మారిపోయింది. మనిషి మరిచిపోయినా చెయ్యి మరిచిపోదేమో, ఆ మెత్తదనం ఆమె వేళ్లకు గుర్తుంది.

"ఇట్లే ఉండింది," అంది. "ఆ పొద్దు. ఇట్లే మెత్తగా వచ్చేసింది."

"ఆ పొద్దు నీ చేతిలో బ్రేకు ల్యాదమ్మా. నేను చంపినా దాన్ని. బండి కొన్న వారానికే జయచంద్ర తీసుకొచ్చినాడు. ఆయప్ప అడక్కపోయినా నేనే వదులు చేసి తీగ చుట్టినా." ప్లగ్గుల డబ్బా బోర్లించి పాత వైరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది చూడు. నువ్వు ముందుది పట్టినందుకు బండి పల్టీ కొట్టలే. అది పనే చెయ్యలే. పల్టీ కొట్టింది మోరీ గోడకు తగిలి. అది పని చేసింటే మీరు ఆ మోరీ దాకా పోయేవాళ్లే గాదు. మీ ఆయన చెప్పిందే కరెక్టు. నేను చెప్పిందే తప్పు."

అంజలి వైరును వెలుతురులోకి పట్టుకుని చూసింది. రాగి తీగ చుట్లను గోరుతో తడిమింది. నూర్ అహమ్మద్ తల దించుకుని తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండునని ఉంది అతనికి. ఆమె తిట్టలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది ఇది? శవం కాడ నా తలమీద చెయ్యి పెట్టినప్పుడే తెలుసా?"

"అల్లా సాక్షి, తెల్దు. ఎన్ని బండ్లకు చేసినానో, ఆ బండికి గూడా చేసినానని మతికే రాలే. ఈ చక్రం విప్పినప్పుడు తెలిసింది."

"ఎప్పుడు విప్పినావు?"

"ఎనిమిది దినాలు."

"ఎనిమిది దినాలు," అంది అంజలి. "దినామూ ఈ షెడ్డు ముందరే పోయినాను గదా మామా, బోరింగు కాడికి. నువ్వు తల ఎత్తి, బాగుండావామ్మా అని అడిగినావు. మొన్న బేస్తారం అడిగినావు, నిన్న అడిగినావు. ఇది నీ కాడ పెట్టుకోని."

నూర్ అహమ్మద్ ఏడ్చాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి, మసి చేతులతో మొహం తుడుచుకుంటే ఆ మసి మొహమంతా అయింది. షాపు పేరు పోతుందని భయపడ్డానమ్మా అన్నాడు. మీ మామ ముందర తల ఎట్లా ఎత్తేది అనుకున్నానన్నాడు. ఆ పిల్లోణ్ని నా చేతుల మీద బండి ఎక్కించినా, నా చేతుల్తోనే చంపుకున్నా అన్నాడు. ఆమె అంతా విన్నది. ఓదార్చలేదు. ఓదార్చవలసిన వంతు ఆమెది కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ముందు అది బిగించు," అంది చివరికి, చక్రం వైపు చూపించి.

అతను వంగి బిగించాడు. ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాడో అన్ని చుట్లు ముందుకు తిప్పుతుంటే ఆమె పక్కనే నిలబడి చూసింది. పూర్తయ్యాక తనే లివరు పట్టి చూసుకుంది.

"ఈ మాట అత్త ముందర చెప్పాల నువ్వు. నాకు చెప్పినట్టే చెప్పాల. ఈ వైరు చూపించి."

"చెప్తా."

"రేపు మా అన్న వచ్చేలోపల చెప్పాల."

"ఈ సాయంత్రమే చెప్తానమ్మా. వాళ్లు కదిరి నుంచి రానీ. రాగానే ఇంటికొచ్చి, అన్న కాళ్లు పట్టుకోని చెప్తా."

అంజలి తల ఊపింది. గడప మీది సంచి తీసుకుంది. వెళ్లబోయినదల్లా ఆగి వెనక్కి తిరిగింది.

"ఎన్ని బండ్లకు చేసినావు మామా ఇట్లా?"

"వచ్చిన ప్రతిదానికీ."

"అయితే మా అత్తా మామా పోయింది యా బండి మీద? ఈ బండి ఈడనే ఉండాది గదా."

నూర్ అహమ్మద్ గిరుక్కున రోడ్డు వైపు తిరిగాడు.

ఎనిమిది రోజులుగా ఆ మనిషి ఆలోచించిందంతా తన గురించే. తన పేరు, తన షాపు, తన తల వంపు, వీటి గురించే. పశ్చాత్తాపం కూడా ఒక్కోసారి మనిషిని గుడ్డివాణ్ని చేస్తుంది. లేకపోతే, ఒక రాగి తీగ చూసి ఎనిమిది రోజులు అన్నం మానేసినవాడికి, పది అడుగుల దూరంలో నిలబెట్టి ఉన్న తన సొంత బండికి చుట్టిన తీగ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? దానికీ ముందుది చచ్చిపోయే ఉంది. వెనక బ్రేకు షూలు అరిగి రెండు నెలలైంది. ఊరి బండ్లన్నీ బాగు చేసేవాడికి తన బండి సంగతి చూసుకోవడానికి తీరిక ఉండదు, వచ్చేవారం మార్చుకుందాంలే అనుకుంటూ వచ్చాడు. దాని మర్మం తెలుసు గనక అతను దిగువల్లో ఇంజను పట్టు మీద దించుకునేవాడు. గోవిందప్ప అలా దించడు. పెట్రోలు మిగులుతుందని దిగువ రాగానే గేరు తీసేసి, బండిని దాని మానాన వదిలేస్తాడు.

"నా బండి మీద," అన్నాడు.

ఫోను తీసి గోవిందప్పకు కలిపాడు. రింగయింది. ఆగిపోయింది. మళ్లీ కలిపాడు. బండి మీద ఉంటే ఫోను ఎత్తకూడదన్నా అని గోవిందప్పకు చెప్పింది కూడా నూర్ అహమ్మదే. ఆ మంచి మాటను మాత్రం గోవిందప్ప తప్పకుండా పాటిస్తున్నాడు.

"బయమ్మ ఇంటికాడ ఆగుతామన్నారు," అన్నాడు. "కాయలియ్యాల, మాట్లాడాల. ఆడ పట్టుకోవచ్చు."

జయచంద్ర బండి ఎక్కి కిక్కు కొట్టాడు. కంగారులో కిక్కు సగంలోనే జారింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ జారింది. ముప్పై ఏళ్లలో అతని కాలి కింద మొరాయించిన బండి లేదు. నాలుగోసారికి పెట్రోలు వాసన గుప్పున కొట్టింది గానీ ఇంజను అందుకోలేదు.

"జరుగు మామా," అంది అంజలి.

సంచి భుజానికి అడ్డంగా వేసుకుంది. పెట్రోలు కొళాయి తిప్పి ఉందో లేదో చూసింది. చోకు ఆపి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచిపెట్టి రెండుసార్లు ఊరికే కిక్కు తిప్పింది, ఎక్కువైన పెట్రోలు పోయేదాకా. తర్వాత కిక్కును మెల్లగా నొక్కి, అడ్డం తగిలే చోటు చూసుకుని, ఒక్కసారి తొక్కింది. ఏడు నెలల తర్వాత ఆ బండి గొంతు విప్పింది. అతను మైదానంలో నేర్పిన పాఠాల్లో తప్పు కానివన్నీ ఆమెకు గుర్తున్నాయి. బండిని రెండు అడుగులు ముందుకు పోనిచ్చి ముందు బ్రేకు పట్టింది. ఆగింది. తల ఊపుకుంది.

"ఎక్కు."

నూర్ అహమ్మద్ ఎక్కాడు, జయచంద్ర కూర్చున్న చోట. చప్పుడు విని వాకిట్లోకి వచ్చిన మహబూబున్నీసా, మసి పూసుకున్న మొగుడు అంజలి వెనక కూర్చుని పోవడం చూసి, "యాడికి?" అని అరిచింది. జవాబు చెప్పడానికి వాళ్లు అక్కడ లేరు.

దారి పొడుగునా శనగ చేలు పీకి పోగులు వేసి ఉన్నాయి. నూర్ అహమ్మద్ ఫోను కలుపుతూనే ఉన్నాడు, అది మోగుతూనే ఉంది. ఎదురుగా వచ్చే బండ్లను ఒక్కొక్కటే చూశాడు. ఓబులేష్ బండి వచ్చింది, వెనక పెళ్లాం, ఆమె వెనక తల్లి. అది తను చంపినదే. పాల క్యాన్లు కట్టుకుని దాసప్ప వచ్చాడు. అదీ తను చంపినదే. "సలామ్ నూరన్నా" అని దాసప్ప చెయ్యి ఎత్తాడు. నూర్ అహమ్మద్ చెయ్యి లేవలేదు.

బయమ్మ ఇంటి ముందు అంజలి బండి ఆపింది. బయమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కాయలు వలుస్తోంది. బండి మీద ఉన్నది ఎవరో చూసి చేతులు ఆగిపోయాయి.

"చిన్నత్తా, మామ వాళ్లు?"

"ఇప్పుడే పోయిరి. కాఫీ తాగి పోండప్పా అంటే ఇనలే. మీ అత్త, డాక్టరు ఎల్లిపోతాడని..." అంటూ బయమ్మ మాట పూర్తి చెయ్యకముందే అంజలి గేరు వేసింది. "నిలబడు, ఏమైందే?" అన్న కేక వెనకే ఉండిపోయింది.

మిట్ట ఎక్కుతుంటే బండి ఆయాసపడింది. ఆమె గేరు తగ్గించింది. నూర్ అహమ్మద్ ఆమె భుజం మీదుగా ముందుకు చూస్తున్నాడు. మిట్ట నెత్తికి చేరగానే దిగువంతా ఒక్కసారిగా కనబడింది. నల్లటి తారు, దాని చివర తెల్లటి మోరీ గోడ. ఆ గోడను ఆమె ఏడు నెలల తర్వాత చూడటం ఇదే. అంజలి వీపు బిగుసుకుపోయింది.

"మామా," అంది, వెనక్కి తిరక్కుండా. "ఈడ... పట్టాల్నా?"

ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట అతని నోట్లోంచి వచ్చింది.

"పట్టమ్మా. రెండూ పట్టు."

పట్టింది. బండి మిట్ట నెత్తిన, తారు మీద గీత గీసినట్టు ఆగింది. ఇద్దరూ పడలేదు. ఏమీ కాలేదు. ఇంత చిన్న సంగతి, ఏడు నెలల కింద ఇంతే జరిగి ఉండవలసింది.

దిగువలో, సగం దూరంలో, అతని బండి పోతోంది. వెనక కూర్చున్న అక్కమ్మ కొంగు గాలికి ఎగురుతోంది. ఆమె ఒడిలో శనక్కాయల మూట ఉంది. ఇంకా కింద, మోరీకి ఇవతల, చేలోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు ఒకటి శనగ కట్టెతో అడ్డంగా తిరుగుతూ, తిరగలేక నిలబడిపోయి ఉంది.

"అన్నా!" అని అరిచాడు నూర్ అహమ్మద్. ఆ అరుపు దిగువ దాకా పోలేదు.

అతని పాత బండికి సరిగ్గా పనిచేసేది వెనక లైటు ఒక్కటే. బ్రేకు తొక్కితే అది ఎర్రగా వెలుగుతుంది. ఇప్పుడు వెలుగుతోంది. గోవిందప్ప కాలు తియ్యకుండా తొక్కుతున్నాడు, ఆ ఎరుపు ఆరకుండా వెలుగుతూనే ఉంది. బండి వేగం మాత్రం తగ్గడం లేదు.

అంజలి దాన్ని చూసింది. వాళ్లను అందుకోవడానికి ఆమె వేళ్లు బ్రేకును వదిలేశాయి.